ఆర్ఎక్స్‌కు అరువు కాళ్లు

కొత్తొక వింత, పాతొక రోత అనేది మా అమ్మమ్మ. ఇప్పటి కుర్రాళ్లు ఆ సామెతను కూడా విప్పి, తలకిందులుగా బిగించారు. వీళ్లకు పాతదే వింత, ఆ పాతదాన్ని పాతగా ఉంచడమే రోత. ముప్పయ్యేళ్లు దాటిన యమహా ఆర్ఎక్స్ 100 బండి కోసం ఊరూరా తిరుగుతారు. లక్ష దాటి అడిగినా బేరమాడకుండా కొంటారు. తెచ్చిన వారానికే ముందు ఫోర్కు ఊడదీస్తారు, చక్రాలు తీసి గోడకు ఆనిస్తారు, వెనక షాకబ్జర్లు విప్పుతారు, స్వింగ్ ఆర్మ్ కోసేస్తారు. చివరికి మిగిలేది ట్యాంకు, ఇంజను, దాని మోత. అప్పుడు పక్కన నిలబడి ఫొటో దిగి ‘పాత బండికి ప్రాణం పోశాం’ అంటారు. దాని ప్రాణం పోయిందని మీకెవరు చెప్పార్రా?

నా సంగతి కాస్త చెప్పుకోవాలి, లేకపోతే ఈ ముసలాయనకెందుకింత మంట అనుకుంటారు. నేను మందుల కంపెనీలో రిప్రజెంటేటివ్‌గా చేసినవాణ్ణి. కంకిపాడు, ఉయ్యూరు, చల్లపల్లి, అవనిగడ్డ నా ఏరియా. బందరు రోడ్డు మీదా, కాలవ గట్ల మీదా, కరకట్ట మీదా శాంపిళ్ల బ్యాగు వెనక కట్టుకుని ఆర్ఎక్స్ మీదే తిరిగాను. ఎస్కార్ట్స్ వాళ్లు యమహాతో కలిసి 1985లో తెచ్చిన బండి అది. దాదాపు అదే కాలంలో హీరో హోండా సీడీ 100 వచ్చింది, ఇండ్ సుజుకీ వచ్చింది, కవాసాకీ బజాజ్ వచ్చింది. అన్నీ 100 సీసీలే, అన్నీ జపాను వాళ్లవే. మైలేజీ కావాలన్నవాడు హోండా కొనుక్కున్నాడు. ఆర్ఎక్స్ కొన్నవాడు పెట్రోలు సంగతి ఇంట్లో చెప్పలేదు.

దాని లెక్కలు నాకు నోటికొచ్చు. 98 సీసీ, రెండు స్ట్రోకులు, 11 గుర్రాల శక్తి, నాలుగు గేర్లు. బండి బరువు 103 కిలోలు. రెండు చక్రాలూ 18 అంగుళాలే. ముందు టైరు 2.50, వెనక టైరు 2.75. రెండు వైపులా 130 మిల్లీమీటర్ల డ్రమ్ము బ్రేకులు. ఈ అంకెలు విడివిడిగా పుట్టలేదు. 103 కిలోల బండికి 11 గుర్రాలు ఎంత తోస్తాయో, ఆ తోపుడికి ఎంత సన్నని టైరు చాలో, ఆ టైరుకు ఎంత ఫోర్కు కావాలో, ఆ ఫోర్కు బరువు ఫ్రేము మీద ఎక్కడ పడుతుందో అన్నీ కలిపి ఒకరు కూర్చుని వేసిన లెక్క అది. అందులో ఒక అంకె మారిస్తే మిగతావన్నీ మళ్లీ వేసుకోవాలి. నా గోలంతా ఇదే. మార్చవద్దని నేననను, లెక్క వేసి మార్చమంటున్నాను.

మా రోజుల్లో చక్రమంటే స్పోకులు. గుంతలో పడి రిమ్ము వంకర పోయిందంటే కొత్త చక్రం కొనడం అన్న ఆలోచనే వచ్చేది కాదు. బెండు తీయించేవాళ్లం. విజయవాడ ఆటోనగర్లో ఆ పని మీదే బతికే పెద్దాయన ఉండేవాడు. పాత ఫోర్కు ముక్కను నేలలో పాతి, దానికి చక్రం తగిలించి, ముక్కాలి పీట మీద కూర్చునేవాడు. ఎడమ చేత్తో చక్రాన్ని నెమ్మదిగా తిప్పుతూ, కుడిచేతిలో సుద్దముక్కను ఫోర్కుకు ఆనించి రిమ్ము పక్కన పట్టుకునేవాడు. ఎక్కడ సుద్ద గీత పడితే అక్కడ రిమ్ము ఇటు వచ్చిందన్నమాట. ఆ గీత ఉన్న వైపు స్పోకు వదులు చేసి, అవతలి వైపు స్పోకు బిగించేవాడు. అదీ సగం తిప్పు, పావు తిప్పు. బిగించాక వేలి గోటితో స్పోకును మీటి వినేవాడు. వదులుగా ఉన్నది బొంగురుగా పలికేది, బిగిసినది ఖంగుమనేది. చక్రం చుట్టూ ఒకే పలుకు వచ్చేదాకా లేచేవాడు కాదు. పక్క వంకర పోయాక ఎత్తుపల్లాలు చూసేవాడు. ‘కొన్నాళ్లు తిరిగి మళ్లీ తీసుకురండి సార్, స్పోకులు సర్దుకుంటాయి, ఇంకోసారి బిగించాలి’ అని చెప్పి మరీ పంపేవాడు. రెండోసారి డబ్బులు తీసుకునేవాడు కాదు.

ఫోర్కు సంగతీ అంతే. ఆయిల్ సీలు పోయి పైపు మీద నూనె కారుతుంటే, సీలు మార్చి, పైపు మీద తుప్పు గుంటలుంటే నీటి కాగితంతో రుద్ది, రెండు కాళ్లలోనూ సమానంగా కొలిచి ఆయిల్ పోసేవాళ్లు. ఒక కాలిలో ఎక్కువ, ఒక కాలిలో తక్కువ పోస్తే రెండూ ఒకేలా పనిచేయవు. హ్యాండిల్ కింద కోన్ సెట్టులో గుళ్లు అరిగి గాడి పడితే, హ్యాండిల్ నడిమధ్యకు రాగానే టక్కుమని ఆగేది. గుళ్లన్నీ తీసి కిరసనాయిల్లో కడిగి, కొత్తవి గ్రీజులో ఒక్కొక్కటే అతికించి పేర్చేవాళ్లు. వెనక షాకబ్జర్లకు కింద రింగు ఉంటుంది. మా ఆవిడ ఎక్కిన రోజున హుక్కు పానాతో దాన్ని తిప్పి గట్టి చేసేవాణ్ణి, మర్నాడు ఒక్కణ్ణే వెళ్లేటప్పుడు మళ్లీ వదులు చేసేవాణ్ణి. సస్పెన్షన్ అన్న మాట నోట్లో పెట్టుకోకుండానే సస్పెన్షన్ సరిచేసుకున్న తరం మాది.

పార్టు దొరక్కపోతే ఆటోనగర్, అక్కడా లేకపోతే సికింద్రాబాద్ రాణిగంజ్, అక్కడా లేదంటే మద్రాసు పుదుపేట. లేదా లేత్ మెషీను దగ్గర టర్నరును బతిమాలుకుని చేయించుకోవడం. ఇదంతా గొప్పతనమని చెప్పడం లేదు. గతిలేక చేశాం. అయితే ఆ గతిలేనితనం మాకొక మేలు చేసింది. ఏ పార్టు ఎందుకుందో తెలియకుండా దాన్ని బతికించలేం గనక, తెలుసుకోక తప్పలేదు.

ఇప్పుడు పార్టులకు కొదవేముంది? ఫోన్‌లో నొక్కితే డబ్బా గుమ్మంలోకి వస్తుంది. 2018లో ఆ బండి పేరుతోనే తెలుగు సినిమా వచ్చినప్పటి నుంచీ మా గేటు ముందు ఆగి ‘అంకుల్, అమ్ముతారా?’ అని అడిగేవాళ్లు పెరిగారు. వాళ్లకు సమాధానం చెప్పుకోవచ్చు. మా మేనల్లుడి కొడుక్కి చెప్పడమే కష్టం. వాడొక ఆర్ఎక్స్ కొన్నాడు. దానికి ఎఫ్‌జీ 16 ముందు ఫోర్కు, ఎఫ్‌జీ చక్రాలు, మోనోషాక్ పెట్టించి తీసుకొచ్చి మా వాకిట్లో ఆపాడు.

‘‘ఎలా ఉంది తాతయ్యా?’’

‘‘ఏ బండిరా ఇది?’’

‘‘ఆర్ఎక్సే తాతయ్యా. ట్యాంకు మీద రాసుంది కదా.’’

‘‘ట్యాంకు సరే, కింద ఎవరిది?’’

‘‘అదీ యమహానే. పరాయిది కాదు.’’

ఇంటిపేరు ఒకటైనంత మాత్రాన ఒకరి చొక్కా ఇంకొకరికి పడుతుందా? ఎఫ్‌జీ 16 వచ్చింది 2008లో. దాని బరువు 137 కిలోలు. అంటే ఆర్ఎక్స్ కంటే 34 కిలోలు ఎక్కువ. మంచి బండి, నేను కాదనను. దాని 41 మిల్లీమీటర్ల ఫోర్కు, వెనక 140 టైరు ఆ బండికి వేసిన లెక్కలోవి. వాటిని తెచ్చి దీనికి తగిలించడం పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టే.

చక్రాలు 17 అంగుళాలకు మారితే బండి కిందికి దిగిపోతుందని చాలామంది అనుకుంటారు. నేను పెన్ను పట్టుకుని కూర్చున్నాను. పాత వెనక చక్రం రిమ్ము 18 అంగుళాలు, దాని మీద 2.75 అంగుళాల టైరు. పైనా కిందా కలిపితే ఎత్తు సుమారు 597 మిల్లీమీటర్లు. కొత్తది 17 అంగుళాల రిమ్ము, 140 వెడల్పు, అందులో 60 శాతం టైరు ఎత్తు. మొత్తం 600. తేడా మూడు మిల్లీమీటర్లు! ముందు చక్రమూ అంతే. పాతది 584, ఎఫ్‌జీ 100/80 టైరుతో 592. రిమ్ము తగ్గిన మేర టైరు పెరిగింది, ఎత్తు ఉన్నచోటే ఉంది. మారిందల్లా వెడల్పూ బరువూ. 70 మిల్లీమీటర్ల టైరు ఉన్నచోట 140 వచ్చి కూర్చుంది. సరిగ్గా రెట్టింపు. దాన్ని తిప్పాల్సింది మాత్రం ఆ 11 గుర్రాలే. ‘పికప్ కొంచెం తగ్గింది తాతయ్యా, కార్బొరేటరు చూపించాలి’ అన్నాడు మావాడు. కార్బొరేటరు ఏం పాపం చేసింది నాయనా?

ఆ వెడల్పు అక్కడితో ఆగదు. టైరు పక్కనుంచి చైను పోవాలి. సన్న టైరుకు నడిమధ్య నుంచి పక్కకు 35 మిల్లీమీటర్లే ఉండేది, ఇప్పుడు 70. కాబట్టి వెనక స్ప్రాకెట్ బయటికి జరగాలి. ఇంజను దగ్గరున్న ముందు స్ప్రాకెట్ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. రెండూ ఒక గీతలో లేకపోతే చైను పక్కకు లాగుతూ తిరుగుతుంది, పళ్లు ఒకవైపే అరుగుతాయి. దానికి మందు ముందు స్ప్రాకెట్‌ను కూడా టర్నరు దగ్గర మెట్టు పెట్టించి బయటికి తేవడం. అప్పుడు గేరు బాక్సు షాఫ్టు బేరింగ్ మీద దూరం నుంచి లాగుడు పడుతుంది. చక్రం కొన్న డబ్బు కంటే చక్రం వెంట వచ్చిన ఖర్చు ఎక్కువ.

ఇక మోనోషాక్. పాత పద్ధతిలో వెనక రెండు షాకబ్జర్లు సీటు కింద ఫ్రేముకు చెరో పక్కా తగిలి ఉండేవి. గుంత దెబ్బ ఆ రెండు చోట్లా పంచుకునేది. ఆ బలం కోసమే అక్కడ పైపులు, పట్టీలు వేశారు. ఒకే షాకబ్జర్ మధ్యలో పెడితే దెబ్బంతా ఫ్రేము నడుముకు తగులుతుంది. ఆ పైపు ఎన్నడూ ఆ దెబ్బ తిననిది. అక్కడ బలమైన పట్టీ వేసి, కొలత ప్రకారం వెల్డింగ్ చేస్తే సరే. మావాడి బండి కింద పడుకుని టార్చిలైటు వేసి చూశాను. ఒక చిన్న రేకు ముక్క, దాని మీద ముద్దలు ముద్దలుగా వెల్డింగ్, దాని మీద నల్ల రంగు. రంగు మాత్రం బ్రహ్మాండంగా కొట్టారు.

ముందు ఫోర్కు విషయం ఇంకా సున్నితం. హ్యాండిల్ తిరిగే ఇరుసును గీతగా నేలదాకా సాగదీశామనుకోండి, అది చక్రం నేలను తాకే చోటుకు కాస్త ముందు పడుతుంది. మధ్యలో ఉన్న ఆ కొంచెం దూరమే బండిని తిన్నగా నడిపేది. అది తగ్గితే వేగంలో హ్యాండిల్ అదురుతుంది, పెరిగితే మలుపులో బండి మొండికేస్తుంది. వేరే ఫోర్కు పెట్టినప్పుడు పొడవు మారుతుంది, దాని పైపులను పైన పట్టుకునే ‘టీ’ మారితే ఆ దూరమూ మారుతుంది. పైపులను ‘టీ’లో కాస్త పైకో కిందికో జరిపి సరిచూసుకోవచ్చు. కానీ ముందు కొలవాలి. పాత ఫోర్కు విప్పకముందే కొలవాలి. ‘కొలిచావా?’ అంటే మావాడు ఫోన్ చూపించాడు. అందులో ఇంకెవడో ఇంకెక్కడో చేసిన వీడియో.

స్ప్రింగు మాటేమిటి? 137 కిలోల బండికి పెట్టిన స్ప్రింగు 103 కిలోల బండి కింద ఎంత కదులుతుంది? ఒక ప్లాస్టిక్ ట్యాగు తెచ్చి ఫోర్కు పైపుకు, కింది కేసు అంచున కట్టమన్నాను. ఫోర్కు దిగినప్పుడల్లా కేసు ఆ ట్యాగును పైకి తోసి అక్కడే వదిలేస్తుంది. ఎంత పని చేసిందో చూపించే సాక్షి అది. మా వీధి చివర స్పీడు బ్రేకర్లు, మున్సిపాలిటీ వాళ్లు తవ్వి పూడ్చిన గోతులు అన్నీ తిప్పి తీసుకురమ్మన్నాను. వచ్చాడు. ట్యాగు రెండు వేళ్ల మందం కూడా జరగలేదు. మనిషి ఎక్కి కూర్చోగానే ఫోర్కు దాని మొత్తం నడకలో పావు వంతు, అంతకంటే కొంచెం ఎక్కువ దిగాలి. అప్పుడే గుంతలోకి చక్రం జారుతుంది, మిట్ట మీద ముడుచుకుంటుంది. ఇక్కడ ఫోర్కు కదలడం లేదు గనక మావాడి భుజాలు కదులుతున్నాయి. ‘స్పోర్టీగా ఉంది తాతయ్యా’ అన్నాడు మెడ నొక్కుకుంటూ.

స్పీడోమీటరు ముల్లు సున్నా మీద పడుకుని ఉంది. పాత ముందు డ్రమ్ములో పళ్ల చక్రం తిరిగితే కేబులు తిరిగేది, కేబులు తిరిగితే ముల్లు లేచేది. కొత్త చక్రంలో ఆ పళ్ల చక్రమే లేదు. ఎంత వేగంలో పోతున్నాడో వాడికి తెలియదు, వాళ్లమ్మకు అసలే తెలియదు.

ఒక్క విషయంలో మాత్రం కుర్రాళ్ల పక్షమే. బ్రేకులు. ఆర్ఎక్స్‌కు పోవడం తెలిసినంతగా ఆగడం తెలియదు. వానాకాలంలో కాలవ పొంగి రోడ్డెక్కితే, ఆ నీళ్లలోంచి బయటపడ్డాక డ్రమ్ము పట్టేది కాదు. బ్రేకు మీద కాలు కాస్త ఆనించి కొంత దూరం నడిపితే, లైనర్లు వేడెక్కి ఆరాక మళ్లీ పట్టేది. ఆ కాసేపట్లో గేదె అడ్డం రాకూడదని దండం పెట్టుకోవడమే. అప్పటి రోడ్డు మీద గేదె, ఎడ్లబండి, అరగంటకో బస్సు. ఇప్పుడు హైవే మీద నీ ముందున్న కారు బ్రేకు నొక్కితే ఉన్నచోట ఆగుతుంది. నీ వెనకవాడూ ఆగుతాడు. మధ్యలో నువ్వు 130 మిల్లీమీటర్ల డ్రమ్ము పట్టుకుని వేళ్లాడితే లాభం లేదు. 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నిటికీ 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ తప్పనిసరి చేశారంటే ఊరికే చేయలేదు. ముందు డిస్కు పెట్టుకో. అయితే బరువులో దీనికి దగ్గరగా ఉన్న బండి ఫోర్కు వెతుకు, దానికి సరిపడే స్ప్రింగు వేయించు. అదే 18 అంగుళాల సైజులో ఉండు, వెనక 3.00 టైరు వేసుకో. కోన్ సెట్టు తీసి టేపరు బేరింగ్ వేస్తే సంతోషిస్తా. ఇలా చేసే కుర్రాళ్లూ ఉన్నారు. వెర్నియర్ పట్టుకుని, నోట్‌బుక్‌లో పాత కొలతలు రాసుకున్నాకే పానా పట్టే టర్నరు కుర్రాణ్ణి ఆటోనగర్లోనే చూశాను. వాడి చేతికి నా బండి కళ్లు మూసుకుని ఇస్తా. వాణ్ణెవరూ వీడియో తీయరు, అదీ నా బాధ.

చట్టం మాటెత్తితే కుర్రాళ్లకు చిరాకు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను, ఆర్‌సీలోని వివరాలు తయారీదారు ఇచ్చినవాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణలో, అనుమతి లేని మార్పు ఒక్కోదానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ అని చేర్చారు. ఒక్కోదానికి అన్న మాట గమనించాలి. ఫోర్కు, చక్రాలు, స్వింగ్ ఆర్మ్, సైలెన్సరు... మావాడు వేళ్లు మడవడం మొదలుపెట్టి మధ్యలో ఆపేశాడు.

ఇంకో సంగతి వాళ్లెవరికీ తెలియదు. 2021లో కేంద్రం వింటేజి వాహనాలకు వేరే రిజిస్ట్రేషన్ పెట్టింది. నంబరులో ‘వీఏ’ అని వస్తుంది. 50 ఏళ్లు దాటి ఉండాలి, మొదట ఎలా వచ్చిందో అలాగే ఉండాలి, ఛాసీనీ బాడీనీ ఇంజన్నూ మార్చి ఉండకూడదు. రోజూ ఆఫీసుకు వేసుకెళ్లడానికి కాదు, ప్రదర్శనలకూ ర్యాలీలకూ. మొట్టమొదటి ఆర్ఎక్స్ వచ్చింది 1985లో. అంటే 2035లో దానికి 50 నిండుతాయి. ఎంతో దూరం లేదు. ఆ రోజు ఇవాళ్టి కుర్రాళ్లందరికీ నడివయసు వస్తుంది, చేతిలో డబ్బుంటుంది, పాత బండి మీద మమకారం పొంగుతుంది. వీఏ నంబరు కావాలంటారు. మోనోషాక్ కోసం కోసి వెల్డింగ్ చేసిన ఫ్రేము చూసి అధికారి తల అడ్డంగా ఊపుతాడు. ఫ్రేము కోయకుండా బిగించుకున్న తెలివైనవాళ్లు మాత్రం ఒరిజినల్ చక్రాల కోసం, ఒరిజినల్ ఫోర్కు కోసం దేశమంతా గాలిస్తారు.

అందుకే మా వీధిలో ఏ కుర్రాడు ఆర్ఎక్స్ విప్పినా నేను పాత ఇనుముల వాడికంటే ముందు వెళ్లి నిలబడుతున్నాను. ‘ఎందుకు తాతయ్యా ఈ చెత్త?’ అంటారు. పాత సామాను రేటు చేతిలో పెట్టి తెచ్చుకుంటున్నాను. మా అటక మీద ఇప్పుడు డ్రమ్ములున్నాయి, 18 అంగుళాల రిమ్ములున్నాయి, ఫోర్కు పైపులు నూనె పూసి గోనెగుడ్డలో చుట్టి ఉన్నాయి, వెనక షాకబ్జర్లు జతలుగా కట్టి ఉన్నాయి. మా ఆవిడ గొణుగుతూనే ఉంది. మావాడి సెట్టు కూడా అందులోనే ఉంది, దాని మీద వాడి పేరు రాసి పెట్టాను. 2035లో రండి నాయనా, అన్నీ ఇస్తాను. ధర మాత్రం అప్పుడు నేను చెప్తాను, మీరు లక్ష దాటినా బేరమాడరు కదా. నేను లేకపోతే మా ఆవిడ చెప్తుంది. ఆవిడ నాకంటే గట్టి.